విజాసన్ గుహలో గొడుగు మొన

మహారాష్ట్రలోని భద్రావతి చూడబోయే పిల్లలకు ముందుగా ఒక మనవి. అక్కడి విజాసన్ గుహల్లోకి అడుగుపెట్టబోతూ ఒక ముసలాయన గొడుగు మొన పైకెత్తి, అంతలోనే ఏదో గుర్తొచ్చి దించేసుకోవడం మీ కంట పడితే నవ్వకండి. అది నేనే అయి ఉంటాను. మొన్న మా మనవరాలు నవ్వింది. "తాతా, పైన ఏముందని పొడుస్తున్నవ్?" అని అడిగింది. చెబితే పొద్దు పోతుంది, రాసిస్తానన్నాను. ఆ పిల్లకు తెలుగు మాట బాగానే వస్తుంది గానీ చదవడం రాదు. చదివింది మరాఠీ బడిలో. కాబట్టి రాసిందీ నేనే, చదివి వినిపించాల్సిందీ నేనే. ఇంత చాకిరీ చేస్తున్నాను కనుక మీరు కూడా వినాలి.

చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గుగనిలో ముప్పై ఏళ్ల పైన పనిచేశాను. ఓపెన్‌కాస్ట్ కాదు, భూమి లోపలి గని. బొగ్గు తట్టలకెత్తే లోడర్‌గా చేరి, పరీక్షలు రాసి సర్దార్‌నయ్యాను. సర్దార్ అనగానే మీసాలూ తలపాగా ఊహించుకోకండి. గనిలో సర్దార్ పని ఏమిటంటే, కూలీలు దిగకముందే లోపలికి పోయి, వాళ్లు పనిచేయబోయే జాగాలో రూఫ్ గట్టిగా ఉందా లేదా చూడటం. రూఫ్ అంటే నెత్తిమీది బండ. కర్రతో తట్టి చూస్తాం. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన బండ మొద్దుగా పలుకుతుంది. ఖంగుమంటే సుద్దముక్కతో ఆ బండ మీదే తారీఖు వేసి, పొట్టి సంతకం పెడతాం. ఆ సంతకం చూసుకునే కూలీలు దాని కింద కూర్చుని నిమ్మళంగా పనిచేస్తారు.

నాకు పని నేర్పిన ముసలి సర్దార్ది కరీంనగర్ వైపు ఊరు. ఆయన ఒక చేత్తో కర్ర కొడుతూ రెండో అరచెయ్యి బండకు ఆనించేవాడు. "చెవిని ఒక్కదాన్నే నమ్మకు బిడ్డా. చెయ్యి గూడ పెట్టు. ఇడిచిన బండ చేతికి వణుకుతది" అనేవాడు. కొన్నాళ్లు అలాగే చేశాను. తర్వాత నా చెవి మీద నాకు గర్వం పెరిగింది. దూరం నుంచి ఒక్క దెబ్బ కొట్టి మంచిదో చెడ్డదో చెప్పేసేవాణ్ణి. షిఫ్టులో నన్ను 'చెవుల సర్దార్' అనేవాళ్లు. ఆ పేరు వింటే నాకు కడుపు నిండేది. చెయ్యి ఆనించడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఇంకో ఐదేళ్లలో రిటైరవుతాననగా రూఫులన్నీ కాస్త మొద్దుగా పలకడం మొదలుపెట్టాయి. కర్ర పాడైందనుకున్నాను. కర్ర మార్చాను. దాని చివర ఇనప పొన్ను మార్పించాను. మళ్లీ కర్ర మార్చాను. మూడోసారి వెళ్లేసరికి మా వడ్రంగి చేతులు జోడించాడు. "సర్దార్, ఇగ నాతోని కాదు. ఈ కర్రల ఏం తప్పులేదు" అన్నాడు. అయితే బండే అలాంటిదేమో, గని పాతబడి తేమ పట్టిందేమో అని సర్దుకున్నాను. మొద్దు చప్పుడే మంచి చప్పుడని మెల్లగా నా చెవికి అలవాటైపోయింది. ఇంట్లో మా ఆవిడ రెండుసార్లు పిలిస్తే గానీ పలికేవాణ్ణి కాదు. "ఏందయ్యా, ఊర్లున్న బండలన్ని ఇనవడ్తయ్, ఇంట్లున్న పెండ్లాం ఇనవడదా?" అనేది. వయసు మీద పడి దాని గొంతు తగ్గిందనుకున్నాను. అదీ నా తెలివి.

నాతో ఒక డ్రెస్సర్ ఉండేవాడు. చెడ్డ బండను గడ్డపారతో కిందికి లాగేసేవాణ్ణి డ్రెస్సర్ అంటారు. నాకన్నా పదేళ్లు చిన్న. మాట తక్కువ. వాడికి పని నేర్పింది నేనే. నేను తట్టి, సుద్దతో రాసి, ముందుకు నడుస్తుంటే, వాడు వెనకాల గడ్డపారతో అక్కడక్కడ మళ్లీ తట్టేవాడు. ఒకసారి నాకు కోపం వచ్చింది. "నేను చూసినంక నువ్వెందుకు కొడ్తున్నవ్‌రా? నా మీద నమ్మకం లేదా?" అన్నాను. "అలవాటన్నా" అన్నాడు. పిల్లచేష్ట అని వదిలేశాను. అప్పుడప్పుడు, "అన్నా, ఈడ జర బండ గుంజితే మంచిగుంటది" అని ఒక మూల చూపించి బండ లాగేసేవాడు. పని మీద శ్రద్ధ ఎక్కువని మురిసిపోయాను.

ఒక శనివారం వాడు రాలేదు. వరోరాలో అత్తగారింట్లో ఏదో పని ఉందని సెలవు పెట్టాడు. సోమవారం పొద్దున ఆరుగురు లోడర్లు కొత్త జాగాలో దిగాలి. ఆ రూఫ్ నేనొక్కణ్ణే చూశాను. ఎప్పటిలాగే పలికింది. సుద్దతో సంతకం పెట్టి పైకొచ్చాను.

మర్నాడు ఆదివారం, గనికి సెలవు. మా షిఫ్టు వాళ్లం ఏడాదికోసారి పెళ్లాం పిల్లలతో ఎటైనా పోవడం ఆనవాయితీ. ఆ ఏడు భద్రావతి అనుకున్నాం. శ్రావణమాసం, సన్నగా తుంపర. బస్సులో సకినాల మూటలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరుగుతున్నాయి. ఊళ్లో దిగి, వరోరా నుంచి తిన్నగా వచ్చిన డ్రెస్సర్‌ను కలుపుకుని తర్రీ పోహా తిన్నాం, అంటే కారం పులుసు పోసిన అటుకులు. ఆ ఎర్రటి తర్రీ నా తెల్ల చొక్కా మీద పడింది. మా ఆవిడ రోజంతా దాన్నే చూసింది, గుళ్ల వైపు చూడలేదు.

భద్రావతి ఇప్పుడు చూస్తే మామూలు బజారు ఊరు. ఒకప్పుడు రాజధానిగా బతికిందంటారు. నాగదేవుడి గుళ్లో తోపులాట మధ్య పాలు పోశాం. జైన మందిరంలో నల్లటి విగ్రహం ముందు మా గోల కాసేపు ఆగింది. చెరువు నడుమ దీవికి వేసిన పాత రాతి వంతెన చూపించాడు మా ఓవర్‌మన్. ఓవర్‌మన్ అంటే సర్దార్ల పై అధికారి. మన తెలుగువాడే, క్రైస్తవుడు, మూడు తరాలుగా గని కుటుంబం. గుడైనా గుహైనా అక్కడి బోర్డు పూర్తిగా చదవనిదే కదిలే మనిషి కాదు. మరాఠీలో చదివి తెలుగులో చెబుతుండేవాడు. "సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. మన కాంట్రాక్టర్లను తోల్కొచ్చి సూపియ్యాలె" అన్నాడు ఆ వంతెన స్తంభాలు చూసి.

మధ్యాహ్నానికి విజాసన్ గుట్ట చేరాం. కొండ కడుపులోకి తిన్నగా తొలిచిన సొరంగం. చివర చీకట్లో పెద్ద బుద్ధుడు కూర్చుని ఉంటాడు. అటూ ఇటూ ఇంకో రెండు సొరంగాలు, వాటిలోనూ విగ్రహాలు. బయటివాళ్లు చూసి అబ్బురపడతారు. మేం మాత్రం లోపలికి తొంగిచూడగానే, "అరె, మన గనే!" అన్నాం. పిల్లలు, ఆడవాళ్లు బిలబిలమంటూ లోపలికి పోయారు.

గని మనిషి పైకి చూడకుండా ఏ కప్పు కిందా అడుగు పెట్టడు. పెళ్లిపందిట్లోకి పోయినా మా కళ్లు ముందు పైకే పోతాయి. నా చేతిలో గొడుగుంది. దాని ఇనప మొనతో అలవాటు కొద్దీ పైన తట్టాను. మొద్దుగా పలికింది. రెండడుగులు ముందుకేసి మళ్లీ తట్టాను. అదే చప్పుడు. గనిలో ఆ చప్పుడుకు అలవాటు పడ్డానని చెప్పాను కదా. కానీ ఇక్కడ లోపల పిల్లలున్నారు, కప్పుకు దుంగ ఆసరా ఒక్కటీ లేదు. పాత భయం ఒక్కసారిగా లేచింది.

"బయటికి రాండ్రి! అందరు బయటికి! రూఫ్ ఇడిచింది!"

గని కుటుంబాలకు ఆ కేక అర్థం చెప్పనక్కర్లేదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. చెప్పులు లోపలే ఉండిపోయాయి. ఫోటోలు తీసుకుంటున్న ఒక కొత్త జంట కూడా మా వెనకే తుంపరలోకి పరుగు తీసింది. కావలివాడు కర్ర పట్టుకుని వచ్చాడు. నా గొడుగు చూసి కళ్లెర్రజేశాడు.

"ఓ కాకా, కాయ్ కర్తాయ్? హీ లేణీ ఆహేత్, ఖదాన్ నాహీ!"

ఇవి గుహలు, గని కాదు అంటున్నాడు. ఓవర్‌మన్ ఆయనను బతిమాలి, నా గొడుగు తీసుకుని, డ్రెస్సర్‌ను వెంటబెట్టుకుని లోపలికి పోయాడు. ఇద్దరూ చెరోసారి మెల్లగా తట్టారు. బయటికొచ్చేటప్పుడు ఓవర్‌మన్ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఏంది సర్దార్, గుడిగంట లెక్క మోగుతుంటే ఇడిచిందంటవ్? ఇన్నేండ్ల సంది పడంది ఇయ్యాల నీ కోసం పడ్తదా?"

అందరూ నవ్వారు. కొత్త జంట కూడా నవ్వింది. "తర్రీ పోహా తలకెక్కింది" అంది మా ఆవిడ. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని నేనూ నవ్వాను. గొడుగు లాక్కుని గుమ్మం దగ్గర ఇంకోసారి తట్టాను. అదే మొద్దు చప్పుడు.

పిల్లలు మళ్లీ లోపలికి పరుగెత్తారు. నవ్వని మనిషి ఒక్కడే ఉన్నాడు, డ్రెస్సర్. నా మోచెయ్యి పట్టుకుని పక్క సొరంగంలోకి తీసుకుపోయాడు. చిన్న బుద్ధుడి విగ్రహం ముందు నిలబడ్డాం.

"అన్నా, నీకు అది మోగుతలేదా?" చెవి దగ్గరగా వచ్చి అడిగాడు.

"మొద్దుగుంది కద?"

"లేదన్నా. ఖంగుమంటుంది. పిల్లగాండ్లకు సుత ఇనవడ్తుంది."

వాడు తల వంచుకుని మిగతాది చెప్పాడు.

"ఏడాది సంది నీ ఎనుక నేను మళ్ల కొట్టి సూస్తున్ననన్నా. నీకు తప్పిన కాడ నేను గుంజేస్తున్న. నువ్వు నాకు పని నేర్పిన పెద్దమనిషివి. నీకు ఇనవడ్తలేదని నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

ఏడాదిగా నా కింద ఎవరికీ దెబ్బ తగలకపోవడం నా చెవి గొప్పే అనుకున్నాను. నా వెనకాల చప్పుడు చేయకుండా నడిచిన ఈ మనిషి గడ్డపార అది. వాడి కాళ్లు పట్టుకోవాలనిపించింది. చెంప పగలగొట్టాలని కూడా అనిపించింది. రెండూ నిజమే రాస్తున్నాను. అంతలో ఇంకోటి గుర్తొచ్చింది.

"నిన్న శనివారం నువ్వు లేవు."

"లేనన్నా."

"కొత్త జాగ నేనొక్కన్నే సూసిన. సంతకం పెట్టిన. రేపు ఆరుగురు దిగుతరు."

వాడు అటూ ఇటూ చూసి నన్ను ఇంకా లోపలికి లాగాడు. "రేపు పొద్దుగాల మనమిద్దరం అందరికన్న ముందుగాల దిగుదాం. నేను కొట్టి సూస్త. చెడ్డగుంటే గుంజేస్త. ఎవ్వరికి తెల్వదు. సార్‌కు చెప్పకన్నా, నిన్ను పైకి పంపిస్తడు" అన్నాడు.

పైకి పంపడమంటే మాకు చిన్న మాట కాదు. లోపల సర్దార్‌గా తిరిగినవాడు పైన దీపాల గదిలో కూర్చోవడం అంటే, పటేల్‌గిరీ చేసినవాడు గుమ్మం దగ్గర చెప్పులు కాయడమే. చెవుల సర్దార్‌కు చెవులు పోయాయట అని క్యాంటీన్లో నవ్వుతారు. వాడి మాట నాకు తీపిగానే తగిలింది, దాచను. సరేననడానికి నోరు కూడా తెరిచాను.

అప్పుడు పైకి చూశాను. ఆ కప్పు మీద ఉలిగాట్లు ఇప్పటికీ కనబడుతున్నాయి. తొలిచినవాళ్లు ఎవరో ఏ బోర్డు మీదా లేదు. వాళ్లు ఎక్కడా సంతకం పెట్టుకోలేదు. అయినా వాళ్ల బండ ఖంగుమంటూనే ఉంది, ముక్కూ మొహం తెలియని పిల్లలు దాని కింద ఆడుకుంటున్నారు. నా సంతకం శుభ్రంగా ఉంది, బండ సంగతే నాకు తెలియదు. రేపు ఒక్కరోజుకు దాస్తాం సరే, ఎల్లుండి? వీడికి జ్వరమొచ్చిన రోజు?

ఓవర్‌మన్ బయట చెట్టు కింద పులిహోర తింటున్నాడు. పక్కనే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఎన్ని దినాల సంది?"

"ఏడాది సంది సార్."

"ఇంకెవరికెరుక?"

వెనక నుంచి డ్రెస్సర్ ముందుకొచ్చాడు. "నాకెరుక సార్."

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అంత నవ్వే మనిషి కంచం పక్కకు నెట్టేశాడు. "నీకేమో పరువు. వీనికేమో మర్యాద. మీ ఇద్దరి నడుమ ఆరుగురు పోతుండిరి గద!"

చెయ్యి కడుక్కుని, గుట్ట మీద సిగ్నల్ దొరికే చోటికి నడిచి గనికి ఫోన్ చేశాడు. తాను వచ్చేదాకా కొత్త జాగాలోకి ఎవరినీ పంపొద్దని చెప్పాడు. తిరిగొచ్చి మిగిలిన పులిహోర నా చేతిలో పెట్టాడు. "తిను. చెప్పినవ్, అదే సాలు" అన్నాడు. ఆ పులిహోర రుచి నాకిప్పటికీ తెలియదు. కన్నీళ్లతో కలిపి మింగేశాను.

సోమవారం పొద్దున ముగ్గురం దిగాం. టోపీ దీపం వెలుగులో నా సుద్దరాత తెల్లగా, పొందికగా మెరుస్తోంది. నా దస్తూరీ మంచిదే, దానికేం లోటు లేదు. డ్రెస్సర్ తట్టాడు. ఓవర్‌మన్ ముఖం చూస్తేనే నాకు తెలిసిపోయింది.

"నువ్వు చెయ్యి పెట్టు" అన్నాడు ఓవర్‌మన్ నాతో.

ఎన్నేళ్ల తర్వాతో అరచెయ్యి బండకు ఆనించాను. డ్రెస్సర్ రెండోసారి తట్టాడు. నా సంతకం కింద బండ కదిలే పన్నులా జివ్వుమని వణికింది. నా ముసలి గురువు చెప్పింది చెవిటివాడిక్కూడా తెలిసేంత సులువుగా ఉంది. నేనే మానేశాను.

మమ్మల్ని వెనక్కు జరిపి వాడు సందులో గడ్డపార పెట్టి రెండుసార్లు ఊపాడు. రెండు నులకమంచాలంత బండ ఊడి కిందపడింది. ఆ అదురు నా కాళ్లకు తెలిసింది. దుమ్ము అణిగాక చూస్తే పగిలిన ముక్క మీద నా పేరు, తారీఖు. ఆరుగురు తట్టలు పెట్టుకుని కూర్చునే చోటు అదే. ఓవర్‌మన్ వంగి, జేబురుమాలుతో ఆ సుద్దరాత మొత్తం తుడిచేశాడు. ఆ రుమాలు ఆయన వాళ్లావిడ కుట్టింది, మూలన చిన్న పువ్వు ఉండేది. అన్నీ మరిచిపోతున్న ఈ వయసులో కూడా ఆ పువ్వు మరిచిపోలేదు.

డాక్టరు పరీక్షలో చెవుల సంగతి కాగితం మీదికొచ్చింది కొన్నాళ్ల తర్వాత. పైకి మాత్రం ఆ రోజే వచ్చేశాను. నేనే అడిగాను, దీపాల గదిలో కూర్చోబెట్టండని. దిగేవాళ్లకు టోపీ దీపాలివ్వాలి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగులో పెట్టాలి. రిటైరయ్యేదాకా నాలుగేళ్లు అదే పని చేశాను. క్యాంటీన్లో నవ్వారు కూడా. రెండు వారాలు నవ్వి వేరేవాళ్ల మీద పడ్డారు. ఇన్నాళ్లూ భయపడింది ఇంతేనా అనిపించింది. నేను ఖాళీ చేసిన చోట నా డ్రెస్సరే చదువుకుని సర్దార్ అయ్యాడు. వాడి ఒక చెయ్యి ఎప్పుడూ బండ మీదే ఉండేదట.

పిల్లలూ, మీలో ఎవరికైనా ఏదో ఒక దానిలో మంచి పేరు వస్తుంది. అప్పుడు మీ వెనకాల ఎవరు మళ్లీ తట్టి చూస్తున్నారో ఒకసారి తిరిగి చూడండి. కనబడితే దండం పెట్టండి. నేను ఆలస్యంగా పెట్టాను, పెట్టే అవకాశమైనా దొరికింది. భద్రావతికి ఏటా పోయేది అందుకే. ఆ కావలివాడు నన్ను చూడగానే ముందు నా గొడుగు మీదే కన్నేస్తాడు.

ఆ సోమవారం సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. దీపాల గదిలో నా మొదటి షిఫ్టు అయిపోవస్తోంది. బొగ్గు మొహాలతో జనం వరసగా పైకొస్తున్నారు. ఆ ఆరుగురూ వచ్చారు. వాళ్లకు ఇంకా ఏమీ తెలియదు. రూఫ్ పని నడుస్తోందని చెప్పి వేరే వైపు పంపించారంతే. అందరికన్నా ముందున్నవాడు కిటికీలోంచి నా మీద గయ్యిమన్నాడు, నాకు వినబడేంత గట్టిగా.

"ఏంది సర్దార్, నువ్వు చూసిన జాగ ఇడిసి గంత దూరం నడిపిచ్చిన్రు మమ్ములను! కాళ్లు పీకుతున్నయ్!"

"తప్పు నాదేరా. తిట్టు" అన్నాను.

వాడు తిట్టుకుంటూనే దీపం ఇచ్చాడు. పొద్దంతా నడుముకు కట్టుకున్న దీపం బ్యాటరీకి మనిషి ఒంటి వేడి అంటుతుంది. ఒక్కొక్కటే అందుకున్నాను. ఒకటి, రెండు, మూడు. అన్నీ వెచ్చగా ఉన్నాయి. ఆరోవాడు బీడీ కోసం తడుముకుంటూ కొంచెం ఆలస్యంగా వచ్చాడు. వాడి దీపం రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

అది కూడా వెచ్చగానే ఉంది.